నొక్కొద్దని చెప్పింది నేనే

ఆ ఫోన్ కాల్ లిస్టులో నా పేరు పదకొండు సార్లు ఉంది. మొదటిది 10:12కి. రెండోది 10:20కి. ఆ తర్వాత 10:31, 10:45... ఒక్కో కాల్‌కీ నడుమ పది నిమిషాలో పావుగంటో ఎడం. ఒక్కటీ కలవలేదు. 2022 మే నెలలో ఒక మంగళవారం, అమ్మ అమెరికాలో, డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో దారి తప్పి, ఎవరిదో ఇంటి ముందు చెట్టు కింద కూర్చుని చేసిన కాల్స్ అవి.

అమ్మ బయల్దేరింది హనుమంతుడి గుడికి. నేను కార్లో తీసుకెళ్ళే కార్యసిద్ధి హనుమాన్ ఆలయం ఆమె లెక్కలో దగ్గరే. తెనాలిలో ఇంటి నుంచి గుడికి నడిచి వెళ్ళినట్టే వెళ్ళిరావచ్చు అనుకుంది. మంగళవారం కదా. ఇంట్లో మేమెవరం లేం. నాలుగు మలుపులు తిరిగేసరికి అన్ని ఇళ్ళూ ఒకే ఇటుక రంగు, ఒకే తీరు గరాజు తలుపులు. వెనక్కి వచ్చే దారి తెలియలేదు. చేతిలో ఫోన్ ఉంది, అదీ కొడుకు ఇచ్చిన ఫోన్, అందుకని కంగారు పడలేదట.

పన్నెండు దాటాక తపాలా వ్యాను నడిపే ఆయన చూసి ఆపాడు. మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. అమ్మ సంచీలో టీటీడీ చిన్న డైరీ ఉంటుంది, దాని చివరి పేజీలో నా నంబరు రాసుకుంది. ఆ పేజీ చూపిస్తే ఆయన తన ఫోన్ నుంచి చేశాడు. తెలియని నంబరని మొదటిసారి నేను ఎత్తలేదు. వెంటనే మళ్ళీ మోగితే ఎత్తాను.

వెళ్ళేసరికి అమ్మ ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. కారెక్కి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత అంది: "మీటింగులో ఉన్నావేమో, నువ్వే కట్ చేస్తున్నావేమో అనుకున్నాన్రా. ఊరికే విసిగించకూడదని ఆగి ఆగి చేశాను."

ఆ ఎడాలు అందుకు. ఎండలో కూర్చుని కూడా నా పనికి అడ్డం రాకూడదని పదేసి నిమిషాలు ఓపిక పట్టింది.

ఆ ఫోన్ ముందు నాదే. 2018లో కొన్నాను. రెండు రాత్రులు కూర్చుని నాలుగు ఫోన్లు పక్కపక్కన పెట్టి పోల్చాను. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు, ర్యామ్ ఎంత, ధర ఎంత, తెర ఎంత పెద్దది, అన్నీ పట్టిక వేశాను. ఈ ఫోన్‌కి ఎన్నేళ్ళు అప్‌డేట్లు వస్తాయి, నా నెట్‌వర్క్‌లో మాట 4జీ మీద వెళ్తుందా అన్న ప్రశ్నలు మాత్రం ఆ పట్టికలో లేవు. చదివింది కంప్యూటర్లు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అయినా వాటి గురించి అడగాలని తోచలేదు.

మరుసటి ఏడు ఒక అప్‌డేట్ వచ్చింది. అది వేశాక రెండు వారాల పాటు ఛార్జింగ్ సాయంత్రానికే అయిపోయేది. తర్వాత దానంతటదే సర్దుకుంది. నా కోపం మాత్రం సర్దుకోలేదు. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేశాను. "పనిచేస్తున్న ఫోన్‌ని కదిలించకూడదు, అప్‌డేట్లన్నీ కొత్త ఫోన్ కొనిపించడానికే" అని ఒక సిద్ధాంతం తయారు చేసుకున్నాను. నా దగ్గర ఉంచుకున్నా సరిపోయేది. మా వాళ్ళందరూ ఫోన్ కొనాలంటే నన్నే అడుగుతారు, వాళ్ళందరికీ అదే చెప్పాను. బాబాయికి, బావమరిదికి, గుళ్ళో కలిసే స్నేహితులకి, పక్కింటి వాళ్ళ నాన్నగారికి. రెండు వారాల ఇబ్బంది పట్టుకుని మూడేళ్ళు మాట్లాడాను.

కొవిడ్ ఆంక్షలు సడలాక 2021 డిసెంబరులో అమ్మ వచ్చింది. పాత ఫోన్ ఖాళీగానే ఉంది కదా అని ఇచ్చాను. నా పేరు మీదున్న రెండో నంబరు అందులో వేశాను. ఇంట్లో వైఫై ఉందని, ఆ నంబరుకి డేటా తీసేయించి మాటలూ మెసేజీలూ మాత్రం ఉంచాను. నెలకి మిగిలింది పదిహేను డాలర్లు.

ఆ ఫోన్‌లో సెట్టింగ్స్ బొమ్మ మీద ఎర్ర చుక్క ఒకటి ఎప్పుడూ ఉండేది. అమ్మకి ఏదీ సగంలో వదిలేయడం నచ్చదు. "ఒరే, ఇది ఏదో చెయ్యమని అడుగుతోంది, నొక్కమంటావా?" అని వంటింట్లోంచి ఫోన్ పట్టుకొచ్చేది. చూపుడువేలు తెరకి బెత్తెడు దూరంలో ఆపి నా ముఖం వంక చూసేది. "వద్దమ్మా, నొక్కకు" అనేవాణ్ణి. ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. ఎప్పుడూ నొక్కలేదు. నా మాట మీద అంత గురి. జనవరిలో ఇంగ్లీషులో మెసేజీలు వచ్చాయి, అవీ చూపించింది. మొదటి లైను కూడా చదవకుండా "ఏదో అడ్వర్టయిజ్‌మెంట్లే" అన్నాను.

అవి అడ్వర్టయిజ్‌మెంట్లు కావు. అమెరికాలో పెద్ద నెట్‌వర్కులన్నీ 2022లో, ఒకదాని తర్వాత ఒకటి, తమ 3జీని మూసేశాయి. ఆ తరంగాలని 4జీకి, 5జీకి వాడుకోవడానికి. 3జీ ఉన్నన్నాళ్ళూ చాలా పాత ఫోన్లు డేటాని 4జీ మీద నడిపి, మాట వచ్చేసరికి 3జీలోకి దిగేవి. ఆ మెట్టు తీసేశాక మాట కూడా 4జీ మీదే వెళ్ళాలి. దాన్నే వోల్టే అంటారు. మన ఊళ్ళవాళ్ళకి కొత్త మాటేమీ కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడే, 2జీ, 3జీ లేకుండా మొత్తం వోల్టే మీదే వచ్చింది. తెనాలిలో అమ్మ ఏళ్ళ తరబడి మాట్లాడింది దాని మీదే. ఇక్కడ డల్లాస్ పక్కన, నేనిచ్చిన ఫోన్‌లో అది లేకుండా పోయింది. ఫోన్‌లో ఆ సామర్థ్యం ఉన్నా, ఆయా నెట్‌వర్క్‌కి తగ్గట్టు సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి. 4జీ తగులుతూనే ఉంటుంది కాబట్టి తెర మీద సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి. అందుకే అమ్మ సిగ్నల్ లేదనుకోలేదు, నేను కట్ చేస్తున్నాననుకుంది.

మా నెట్‌వర్క్ వంతు చలికాలం పోకముందే వచ్చింది. అప్పటినుంచి మే దాకా ఇంట్లో అన్నీ వాట్సాప్ కాల్సే. మామూలు కాల్ ఒక్కటైనా చేసి చూద్దామని నాకు అనిపించలేదు.

ఆ రాత్రి అమ్మ పడుకున్నాక ఫోన్ తీసుకుని ఎర్ర చుక్క నొక్కాను. వరసగా మూడు అప్‌డేట్లు. వాటిలో ఒకదాని వివరాల్లో, నాలుగో లైనులో, మా నెట్‌వర్క్ పేరు, పక్కనే వోల్టే. తేదీ 2020 చివరిది. అంటే నేను నొక్కొద్దన్నది ఏడాదిన్నర నుంచీ అక్కడే ఉంది. మొత్తం దిగి, ఫోన్ మళ్ళీ వెలిగేసరికి గంట పట్టింది. నా నంబరుకి చేశాను. నా ఫోన్ మోగింది. ఎత్తలేదు, అలాగే మోగనిచ్చాను.

నన్ను ఎక్కువ భయపెట్టింది తర్వాత చదివిన సంగతి. 3జీ పోయాక ఇలాంటి పాత ఫోన్ల నుంచి అత్యవసర నంబరు 911కి కూడా కాల్ వెళ్ళకపోవచ్చని ఇక్కడి టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ముందే హెచ్చరించింది. అరవై ఏడేళ్ళ మనిషి చేతిలో నేను పెట్టింది అది.

అసలు అప్‌డేట్ అంటే ఏమిటో నాకు తెలియక కాదు. 2011లో కొన్న నా మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు డబ్బాలుగా కనిపించేది. తెలిసినవాళ్ళ తెలుగు ఉత్తరాలు తెరిస్తే వరసగా ఖాళీ గడులు. తర్వాత ఒక అప్‌డేట్ వచ్చి, పొద్దున్నే తెరిచి చూస్తే 'అ' కనిపించింది, ఒత్తులూ గుణింతాలతో సహా. ఆ సంతోషం ఇంకా గుర్తుంది. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. నంబరు తెలిస్తే చాలు, ఒక వీడియో మెసేజీ పంపి ఫోన్‌లోకి చొరబడే వీలున్న లోపం. ఆ దెబ్బతోనే గూగుల్, శామ్‌సంగ్ నెలనెలా భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ఆ ఆగస్టులో చెప్పాయి. ఇదంతా ఆఫీసులో చర్చించినవాణ్ణే. బ్యాటరీ మీద కోపంలో అన్నీ పక్కకి పోయాయి.

ఇప్పుడు ఎవరైనా ఫోన్ గురించి అడిగితే ముందు కెమెరా సంగతి ఎత్తను. అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా అని అడుగుతాను. 2023 అక్టోబరులో పిక్సెల్ 8కి గూగుల్ ఏడేళ్ళు మాటిచ్చింది, మూడు నెలలకి గెలాక్సీ ఎస్24కి శామ్‌సంగ్ కూడా అంతే ఇచ్చింది. ఆ ఏడేళ్ళు లెక్కపెట్టేది ఫోన్ విడుదలైన నాటి నుంచి, మనం కొన్న నాటి నుంచి కాదు. తగ్గింపులో దొరికిందని మూడేళ్ళ పాత మోడల్ కొంటే మూడేళ్ళు పోయినట్టే. ఇండియాలో కొని ఇక్కడికి తెచ్చేవాళ్ళు, ఆ మోడల్ ఇక్కడి నెట్‌వర్క్‌లో వోల్టేతో పనిచేస్తుందో లేదో ఐఎంఈఐ నంబరుతో ముందే చూసుకోవాలి. *#06# కొడితే ఆ నంబరు వస్తుంది. ఇక బ్యాంకు ఓటీపీల కోసం ఇండియా సిమ్ పెట్టుకునేవాళ్ళకి ఇంకో మెలిక: పిక్సెల్ 10 ఇక్కడ అమ్మేవాటిలో సిమ్ పెట్టే చోటే లేదు, అంతా ఈసిమ్. కొన్నాక తెలిస్తే బాధ.

నేను తప్పుడు సలహా ఇచ్చిన వాళ్ళ పేర్లు కాగితం మీద రాసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. తొమ్మిది మంది. ఇద్దరి ఫోన్లకి అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి. పక్కింటి వాళ్ళ నాన్నగారు ఒక్క మాటా అనకుండా, ఎలా నొక్కాలో కాగితం మీద రాసివ్వమన్నారు.

అమ్మకి మాత్రం నిజం చెప్పలేదు. ఆ రోజు కార్లో "ఆ వీధిలో సిగ్నల్ ఉండదమ్మా" అన్నాను. ఆమె నమ్మింది. తెనాలి వెళ్ళాక మా పిన్నికి కూడా అలాగే చెప్పిందట, అమెరికాలో కూడా సిగ్నల్ ఉండదే అని. మూడేళ్ళు గడిచాయి.

మొన్న ఆదివారం చెప్పాను. ఎర్ర చుక్క సంగతి, మెసేజీల సంగతి, అంతా. అమ్మ వింటూ ఊకొట్టడం మానేసింది. లైను కట్ అయిందేమోనని "అమ్మా" అన్నాను.

"ఉన్నాన్లే" అంది. కాసేపాగి, "మీ అత్తగారి ఫోను కూడా నువ్వే కదరా కొనిచ్చింది? అది చూశావా?"

చూడలేదు. తొమ్మిది మందిలో ఆవిడ పేరు రాయనేలేదు. మావయ్యగారి పింఛను, ఫోన్‌పే, బ్యాంకు అన్నీ ఆ ఫోన్‌లోనే. వెంటనే విజయవాడకి కలిపి, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి భద్రతా అప్‌డేట్ తేదీ ఎంతుందో చదవమన్నాను. అత్తయ్యగారు కళ్ళజోడు తెచ్చుకుని, నెమ్మదిగా చదివారు.

2021 నవంబరు.