సుస్వాగతం సరే, నీళ్లెప్పుడు?

మా మున్సిపాలిటీ వెబ్‌సైట్ తెరవగానే ఎర్రక్షరాల ‘సుస్వాగతం’ కుడి నుంచి ఎడమకు పరుగెత్తుతుంది. ఏ ఊరిదని అడక్కండి. రాష్ట్రంలో ఏ ఊరివాళ్లు చదివినా తమదే అనుకుంటారు. దాని కింద ఒక సారు ఫొటో. ఆ సారు బదిలీ అయి వెళ్లి, వెళ్లినచోట నుంచి కూడా బదిలీ అయ్యారు. పక్కనున్న నంబరుకు ఫోన్ చేస్తే, ‘మీరు డయల్ చేసిన నంబరు ఉపయోగంలో లేదు’ అని ఒక ఆడగొంతు ఎంతో మన్ననగా చెప్పింది. ఆ ఆఫీసు తరఫున నాతో అంత మర్యాదగా మాట్లాడింది ఆమె ఒక్కతే.

2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు పక్క జనానికి గుండె జారిపోయింది. ఆ డ్యామ్ దిగువ కాలవ (ఎల్లెల్సీ) పారితేనే బసలదొడ్డి, గుడేకల్ ట్యాంకులు నిండేది. అవి నిండితేనే ఇంట్లో బిందె నిండేది. కొళాయిల గతి ఏమిటో చూద్దామని సైట్ తెరిచాను. సంక్రాంతి శుభాకాంక్షలు చెప్పింది. ఏ ఏటి సంక్రాంతో రాయలేదు.

ఇలాంటి సైట్లకు చరిత్రంటే మహా ఇష్టం. ఆదోని 1865లోనే మున్సిపాలిటీ అయింది, గర్వపడాల్సిందే. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సొసైటీ పెట్టి ఎన్నో మగ్గాలను నిలబెట్టారు, ఇంకా గర్వపడాల్సిందే. అయితే తెల్లారుజామున కొళాయి దగ్గర బిందె పెట్టుకున్న మనిషికి కావలసింది 1865 కాదు, నీళ్లు ఆరింటికా ఏడింటికా అన్నది. ఇంటిపన్ను ఏడాది మొత్తం ఏప్రిల్ నెలాఖరులోగా కట్టేస్తే 5 శాతం రాయితీ ఉంది. మా సైట్లో ఆ కబురు మే నెలలో వెలుగు చూసింది. అదీ ఒరిగిపోయిన స్కాన్ కాగితం మీద. చదవాలంటే ఫోనైనా తిప్పాలి, మెడైనా తిప్పాలి.

మున్సిపల్ ఆఫీసు బయట వేపచెట్టు కింద రేకుబల్ల వేసుకుని అర్జీలు రాసే అన్న ఒకాయన ఉన్నాడు. నా లెక్కలో మా ఊరి అసలు వెబ్‌సైట్ ఆయనే. మనిషి బల్ల దగ్గరికి రాకముందే ‘ఏంప్పా, ఏం పని?’ అంటాడు. ఆఫీసు చరిత్ర చెప్పడు, కమిషనర్ ఫొటో చూపించడు. వచ్చినవాళ్లను బట్టి తెలుగులోనో, కన్నడంలోనో, ఉర్దూలోనో మాట్లాడతాడు. ‘మనవడి బర్త్ సర్టిఫికెట్టా అవ్వా? పుట్టి 21 రోజులు దాటలేదు కదా, దుడ్లు కట్టబన్లేదు. ఆసుపత్రి చీటీ తెచ్చినావా?’ అంతే, పని అయిపోయింది. సర్వర్ డౌన్ అనే మాటే లేదు, టీకి లేచిన అయిదు నిమిషాలు తప్ప.

బ్రిటన్‌వాళ్లు 2012లో ప్రభుత్వ శాఖల సైట్లన్నీ ఒక్కచోటికి చేర్చడం మొదలుపెట్టి, ముందు జనానికి ఏం కావాలో చూడాలని సూత్రం రాసుకున్నారు. మా అన్న ఏ సూత్రమూ రాసుకోకుండానే బల్ల వేశాడు.

మనకు మాత్రం చట్టాలు లేవా? అడక్కముందే తన వివరాలు బయట పెట్టాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రతి ప్రభుత్వ ఆఫీసుకూ చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమైతే 2025 జనవరిలో 161 సేవలను ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోకే తెచ్చింది. 95523 00009కు ‘హాయ్’ అంటే పలుకుతుంది. మంచిదే. అయినా మా వార్డు సంగతి మా ఊరి సైటే చెప్పాలి కదా.

సైటు సరిచేయడమేమీ కోట్ల పని కాదు. కౌంటర్ దగ్గర రోజూ జనం అడిగేవేమిటో ఒక వారం రాసిపెట్టుకుని, ఆ జవాబులే మొదటి పేజీలో పెడితే చాలు. ఏ వార్డుకు నీళ్లెప్పుడు, పన్నుకు ఆఖరు తేదీ ఏది, ఏ సర్టిఫికెట్‌కు ఏ కాగితాలు తేవాలి, ఎన్నాళ్లు పడుతుంది, పైపు పగిలితే ఎవరికి చెప్పాలి. సారుల ఫొటోలు చివరి పేజీలో ఉంటే ఎవరూ కాదనరు.

ఈ మాటలే అర్జీగా పెట్టాను. వేపచెట్టు కింద అన్నే రాసిచ్చాడు. మీ ఊళ్లోనూ తలా ఒకటి పెట్టండి. తీసుకున్నట్టు రసీదు మాత్రం మరవకండి.