నేను ఓబీ గుట్టను

గోదావరిఖని చుట్టుపక్కల మీకు కనిపించే మట్టిగుట్టల్లో నేనొకదాన్ని. బొగ్గు పొర మీదున్న ఇసుకరాయినీ బంకమట్టినీ ఓవర్‌బర్డెన్, పొట్టిగా ఓబీ అంటారు. వాటిని పేల్చి, డంపర్లతో తెచ్చి పోస్తే గుట్టనయ్యాను. పాతిక కోట్ల ఏళ్ళకు పైగా భూమి లోపల దాగిన రాయి నాది. బయటపడేనాటికి నాలో ఆకు కుళ్ళిన సారం లేదు, వానపాము లేదు, నత్రజని నామమాత్రం. ఎండకు మాడిపోయేదాన్ని, వానకు కోసుకుపోయేదాన్ని.

నన్ను మొదట ఆదుకున్నది రెల్లు. ఎవరూ విత్తకుండానే గాలికి ఎగిరొచ్చి మొలిచింది. దాని వేళ్ళు అల్లుకున్న మేర నా మట్టి జారలేదు. తర్వాత మనుషులొచ్చి సుబాబుల్, కానుగ, వేప, నీలగిరి నాటారు.

చెట్లు లేతగా ఉన్నన్నాళ్ళూ వాటి నీడ నాకు వరమే. నేల చల్లబడింది, తేమ నిలిచింది. సుబాబుల్, కానుగ వేళ్ళ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మట్టికి చేర్చాయి. బయట గడ్డి ఎండిపోయాక కూడా పలుచటి నీడలో పచ్చగా ఉండేది.

ఏళ్ళు గడిచి సుబాబుల్ గుబురుగా కమ్ముకుంది. రెల్లు, గరిక నిండు ఎండలో పెరిగే జాతులు. చిక్కటి నీడలో అవి పిలకలు వేయలేకపోయాయి. వెలుగు కోసం ఆకులు సాగదీసి, వేళ్ళకు పంపే తిండి తగ్గించాయి. నీలగిరి నీడ పలుచనే గాని, తేమను దాని వేళ్ళే ముందు తాగేస్తాయి; రాలిన ఆకు తొందరగా కుళ్ళదు. అక్కడా గడ్డి పలచబడింది.

నేల బోసిపోయాక వానలు పడ్డాయి. ఆకుల మీద పోగైన నీరు పెద్ద బొట్లుగా ఎత్తు నుంచి పడి మట్టిని చెదరగొట్టింది. పైన పచ్చటి అడవి, కింద నా వాలు మీద గండ్లు!

అందుకే నా విన్నపం: వాలు మీద చెట్లను ఎడంగా నాటండి. గుబురైన చోట కొమ్మలు నరికి ఎండ దిగనివ్వండి. ఆ సుబాబుల్ ఆకు మేకలకు మేతవుతుంది. నీడను ఓర్చుకునే గినీ గడ్డి లాంటివి అడుగున చల్లండి. చెట్లను లెక్కబెట్టి నేను బాగుపడ్డానని రాసుకునే ముందు, వంగి వాటి మొదళ్ళ చుట్టూ చూడండి. అక్కడ గడ్డి ఉంటేనే నా మట్టి నా మీద నిలుస్తుంది, మట్టి నిలిస్తేనే మీరు నాటిన చెట్టూ నిలుస్తుంది.