పదిహేను వేల వ్యాపారానికి పాతిక వేలు పుట్టించడం ఎలా?

కర్నూలు జిల్లా కోసిగిలో ఇంటి దగ్గరే జొన్నరొట్టెలు చేసి ఆదోని, ఎమ్మిగనూరు హోటళ్లకు వేయాలనుకునే మహిళ అస్సలు చేయకూడని పని ఒకటుంది: ఎంత కావాలో లెక్క వేసుకోవడం. బస్తా జొన్నలు, రెండు పెనాలు, గ్యాసు పొయ్యి, మర కూలి, బుడ్డల పొడికి నాలుగు డబ్బాలు. అంతా కలిపి 15 వేలు అవుతుందనుకుందాం. ఇంత తక్కువ అడిగితే ఏ ఆఫీసులోనూ కుర్చీ చూపించరు.

కాబట్టి పెద్దగా ఆలోచించాలి. 2008 నుంచి నడుస్తున్న ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం ఇందుకు బాగా పనికొస్తుంది. పల్లె మహిళలకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతమే. రొట్టెల యంత్రంతో కలిపి 5 లక్షల ప్రాజెక్టు రాయించుకుంటే సబ్సిడీ 1.75 లక్షలు. సొంత వాటా 25 వేలు. 15 వేలు లేవని బయల్దేరిన మనిషి ఇప్పుడు 25 వేలు వెతుక్కోవాలి. ఆ సబ్సిడీ కూడా చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా కూర్చుంటుంది. యంత్రం మాత్రం వెంటనే వస్తుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఇంట్లోవాళ్లు తేల్చుకుంటారు.

అంత ఓపిక లేకపోతే ముద్ర ఉంది. 2015 ఏప్రిల్‌లో మొదలైన ఈ పథకంలో ‘శిశు’ కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. ఆధార్, పాన్, కొటేషన్లు, ఖాతా లావాదేవీలు పట్టుకెళ్లాలి. వ్యాపారం పెట్టడానికి అప్పు అడిగే మనిషిని ఇప్పటిదాకా వ్యాపారం ఎలా నడిచిందని అడిగితే ఆశ్చర్యపోకూడదు. చిన్న పరిశ్రమలకు 10 లక్షల దాకా తాకట్టు అడగొద్దని రిజర్వ్ బ్యాంకే చెప్పిందన్న సంగతి మేనేజరుకు గుర్తుచేయడం మర్యాద కాదు.

ఇక తొందరగా డబ్బు కావాలంటే ఇంటి ముందుకొచ్చే డైలీ ఫైనాన్సును మించింది లేదు. ‘ఆధార్ ఒకటిస్తే సాలక్కా’ అంటాడు కుర్రాడు. ఉదాహరణకు, 10 వేల అప్పులో 1,500 ముందే పట్టుకుని 8,500 చేతిలో పెడతాడు. రోజుకు 100 చొప్పున నూరు రోజులు కట్టాలి. అసలు రోజూ తరుగుతూ ఉంటుంది కాబట్టి, వడ్డీ ఏడాది లెక్కన నూటికి నూరు దాటుతుంది. ఆ లెక్క వేయకపోతే నిద్ర బాగా పడుతుంది. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సుతో కళ్లెం వేసింది మైక్రోఫైనాన్స్ సంస్థలకు. సైకిల్ మోటారు మీద ఒంటరిగా తిరిగే కుర్రాడు సంస్థ కాదు కదా.

బంగారం తాకట్టు పెడితే రాళ్ల బరువు తీసేస్తారు. చీటీ రెండో నెలలోనే పాడుకుంటే చేతికొచ్చేదాంట్లో పెద్ద ముక్క తెగుతుంది. ఈ రెండింటికీ ఇంతకంటే వివరణ అక్కర్లేదు, ఊళ్లో అందరికీ అనుభవమే.

పొరపాటున కూడా తలుచుకోకూడని ఉదాహరణ ఒకటి పక్కనే ఉంది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేతకారుల సహకార సంఘం పెట్టారు. ఇలాంటి సంఘం నూలు తానే ఇచ్చి, నేసిన బట్ట తీసుకుని, మజూరీ చేతిలో పెడుతుంది. మగ్గం ఇంట్లో, పెట్టుబడి సంఘంలో. పెట్టుబడి కోసం నేతగాడు తిరగాల్సిన పని తగ్గింది. 1954లో సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. జొన్నలిచ్చి రొట్టెలు తీసుకునే సంఘం కూడా ఉండొచ్చన్న ఆలోచన వస్తే, ఈ వ్యాసంలో చెప్పిన మార్గాలన్నీ వృథా అవుతాయి.

అన్నిటికంటే చవకైనది పొదుపు సంఘం అప్పు. 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ, తాకట్టు లేదు. ఇదే కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపులక్ష్ములు, అంటే పొదుపు సంఘాల మహిళలు, 1990లలోనే దారి వేసి చూపించారు. షరతులు ఐదే: క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, సరైన పుస్తకాలు. అయితే కోసిగి మండలంలో వానలు మొహం చాటేసిన ఏడాది కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు మిరపకోతలకు. సభ్యులు సగం మంది అక్కడుంటే సమావేశం ఎక్కడ పెట్టాలో పుస్తకంలో రాసి లేదు. హాజరు పడదు, పొదుపు ఆగుతుంది, వాయిదా తప్పుతుంది, చవకైన అప్పు ఇంకో గ్రూపుకు పోతుంది. డైలీ ఫైనాన్సు కుర్రాడు మాత్రం వాళ్లు తిరిగొచ్చే రోజు ముందే కనుక్కుంటాడు.

అందుకని దరఖాస్తుకు ముహూర్తం కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. బ్యాంకులు ఏడాది లక్ష్యాలు పూర్తి చేసే తొందరలో ఉండేది మార్చిలో. మిరప చేలల్లో కూలీల గిరాకీ ఎక్కువగా ఉండేదీ అప్పుడే. సుగ్గి నుంచి తిరిగొచ్చి ఏప్రిల్‌లో బ్యాంకుకు పోతే, ఈ ఏటి లక్ష్యాలు ఇంకా రాలేదన్న జవాబుకు సిద్ధపడి పోవాలి. వెంట 25 వేల సొంత వాటా ఉంటే మంచిది. అది ఉంటే అప్పుతో పని లేదు కానీ, ఆ సంగతి దరఖాస్తులో రాయడానికి గడి లేదు.