హాలోవీన్ విందు పద్యానికి ప్రొద్దుటూరి టీక

మూలము (ఆ.వె.)

గుమ్మడింటఁ బెట్టి గుండెలదరఁజేసి
దయ్యమట్లు వచ్చు దావతునకు
వేషమేయకున్న విందు లేదనుచును
పెద్దవారిఁ బిలిచెఁ బిల్లలొద్దు

అవతారిక: అమెరికాలో కొన్నేండ్లుండి వచ్చిన ప్రొద్దుటూరి గృహస్థొకడు అక్టోబరు 31 రాత్రి తన మిద్దె మీద జరుపబోవు విందుకు వాట్సాప్‌లో పంపిన పిలుపిది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రతులు మూడూ చూచి వ్రాయుచున్నాము.

గుమ్మడి = గుజ్జు తోడి, కండ్లూ పండ్లూ చెక్కి, లోన దీపముంచిన కాయ. ఐర్లండువారు మొదట టర్నిప్ దుంపలు చెక్కెడివారు. అమెరికా చేరినాక గుమ్మడి సులువుగా దొరకగా దానికి మారిరి. మన గుమ్మానికి కట్టు బూడిద గుమ్మడికీ దీనికీ పని ఒక్కటే, చెడును వాకిటనే నిలుపుట. పైన ఒక కాయ వేలాడుచుండగా కింద మరొకటి పెట్టుట పునరుక్తి దోషము. తోడిన గుజ్జు ఏమైనదో కవి చెప్పలేదు. ఆ ఇంటి జేజి (అవ్వ) పులుసు పెట్టినదని ఊహ్యము.

దయ్యమట్లు = ఉపమాలంకారము. దయ్యము ఉపమానము, అతిథి ఉపమేయము. పిలిచిన వేళకు రాకుండుట, వచ్చినాక పోకుండుట సమానధర్మము.

వేషమేయకున్న = రెండవ వకారము జారినది. కడప నోటికిది దోషము కాదు. దసరాకు అమ్మవారిశాల తొట్టి మెరవణి చూచినవారికి వేషము కొత్తా అని ప్రొద్దుటూరి ప్రతి. చక్రాయపేట మండలపు సురభిలో 1885లో కీచకవధ ఆడి పుట్టిన నాటక సమాజము మా పక్కదే, మాకా వేషము నేర్పుట అని పులివెందుల ప్రతి. ఇంత చెప్పియు ఆ రాత్రి వచ్చిన వేషములలో అధికభాగము తెల్ల దుప్పట్లే.

పెద్దవారిన్ = వయసు వచ్చినవారిని అని కవి హృదయము. సీమలో పెద్దలనగా ముందు తోచువారు వేరు. భాద్రపద అమావాస్యనాడు వారి పేర కొత్త బట్టలు పెట్టి, బతికుండగా ఏది ఇష్టమో అది వండి ఆకు వేయుదురు. తినే ఇండ్లలో మాంసమూ పెట్టుదురు. పోయినవారిని చూచి దడుచుకొనుటకంటె పిలిచి అన్నము పెట్టుట ఇచ్చటి మర్యాద. ఈ విందులో భయము పండకపోవుటకు కారణమిదేనని మా మతము. జమ్మలమడుగు ప్రతిలో క్రైస్తవ వ్యాఖ్యాత ఒకరు ఇంకొకటి పట్టిరి. హాలోవీన్ అనగా నవంబరు 1 సకల పరిశుద్ధుల దినమునకు ముందటి రాత్రి. 2న సమాధుల పండుగ, ఆనాడు గోరీలకు సున్నము కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగింతుము. మూడు దినముల ముడిలో మీరు వేషాల రాత్రి ఒక్కటే ఊడదీసుకొంటిరి అని. ఈ ఆక్షేపణకు కవి వద్ద సమాధానము లేదు.

తాత్పర్యము: గుమ్మడికాయ పెట్టి భయపెట్టి, వేషము లేనిదే అన్నము లేదని బెదిరించి, పిల్లలను మాని పెద్దలను పిలిచెను.

విశేషములు: భయానక రసమని ప్రతిజ్ఞ. నిర్వహణ చూడుడు. మొదటి దుప్పటి తలుపు తట్టగా జేజి గడియ తీసి, పైనుంచి కిందికి చూచి, "ఎవురబ్బా నువ్వు? ఆ ముసుగు తీసి కాళ్లు కడుక్కోపో, సంగటి ఆరిపోతాంది" అన్నది. దయ్యము "సరే జేజీ" అని కొళాయి దగ్గరకు పోయెను. నాటుకోడి పులుసు వడ్డించునప్పటికి దుప్పట్లన్నీ పిట్టగోడ మీద ఆరవేసి ఉన్నవి. కోరలు పెట్టుకొన్న డ్రాక్యులా ఒకడు ఎముక కొరుకలేక వాటిని తీసి చొక్కా జేబులో వేసుకొనెను. 2024లో దీపావళియు అక్టోబరు 31నే పడినది. ఆ ఏడు ఈ విందు జరిపియుండిన, తలుపు లక్ష్మికి తీయవలెనో దయ్యానికి తీయవలెనో ధర్మశాస్త్రములు చెప్పవు.

పాఠాంతరము: పులివెందుల ప్రతిలో నాలుగవ పాదము చివర "బిల్లలొచ్చె" అని ఉన్నది. గణములు సరి, యతి సరి. బజ్జీల పళ్లెము ముందుగా ఏ మూల ఖాళీ అయినదో చూచినవారు ఈ పాఠమునే ఒప్పుకొందురు.