గర్జనలు తరలలేదు

నాంపల్లిలో నిజాముల నాటి బాగె ఆమ్, అనగా సర్వజనులకూ ఉద్దేశించిన తోట, నేటి పబ్లిక్ గార్డెన్స్, 1913లో పూర్తయిన టౌన్‌హాలుతో మొదలుపెట్టి జూబిలీ హాలు, మ్యూజియం, బాలభవన్, లలిత కళా తోరణం దాకా కట్టడాలను కడుపులో పెట్టుకోగా, చెట్లకు దక్కింది అవి వదిలిన జాగా మాత్రమే. ఆ ఇరుకుకు తాళలేక కాబోలు, అక్కడి జంతువులు 1963లో ప్రారంభమైన నెహ్రూ జూ పార్కుకు తరలిపోయాయి; టౌన్‌హాలులో కొలువుదీరిన శాసనసభ తర్వాత పక్కనే కొత్త భవనానికి మారినా తోట దాటకపోవడంతో పేటకు గర్జనల లోటు మాత్రం రాలేదు. సమావేశాల వేళ సర్వజనులకు పోలీసు బారికేడ్లే దర్శనమిస్తాయి కనుక, నీడ కోరే నగరవాసి శంకర్‌పల్లి దాపున ప్రొద్దుటూరులో 2025లో తెరిచిన 150 ఎకరాల ఎక్స్‌పీరియం పార్కుకు టికెట్టు కొనుక్కొని పోవచ్చు. అక్కడ శాసనసభ లేదు, ఇప్పటికైతే.