ఒంటిపూట ఇన్సులిన్

మన తెలుగు ఇళ్లలో షుగర్‌కి రెండు వైద్యాలు నడుస్తుంటాయి. ఒకటి డాక్టరు చీటీ మీద ఉంటుంది. రెండోది శనివారం రాత్రి అమల్లోకి వస్తుంది. ఈ రెండో వైద్యానికి సూత్రం ఒక్కటే: అన్నం తినకపోతే ఏమీ తిననట్టే.

ఏడుకొండలవాడి పేరు చెప్పి ఓ పూట అన్నం మానేసి, బదులుగా నాలుగు అట్లూ, గిన్నెడు ఉప్మా, రెండు అరటిపళ్లూ లాగించడాన్ని మనవాళ్లు ఉపవాసం అంటారు. స్వామి దయామయుడు కాబట్టి సర్దుకుపోయాడు. రక్తంలో చక్కెర కూడా అలాగే సర్దుకుపోవాలనడంతోనే వచ్చింది తంటా. "రాత్రిపూట మెతుకు ముట్టనండీ, చపాతీలే" అని డాక్టరు ముందు ఛాతీ విరుచుకునే పెద్దాయన్ని ఎన్ని చపాతీలని అడిగి చూడండి. నాలుగు. బంగాళాదుంప కుర్మాతో.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఆహార పదార్థాల పట్టికలు వేసింది. వాటి ప్రకారం వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, గోధుమపిండిలో 64. చపాతీకి 30 గ్రాముల పిండి చొప్పున నాలుగింటికి 120 గ్రాములు, అంటే పిండిపదార్థం 77 గ్రాములు. వంద గ్రాముల బియ్యం వండుకు తినే మనిషి అన్నం మానేసి సాధించిన పొదుపు ఒక్క గ్రాము. ఆ ఒక్కటీ కుర్మాలో కలిసిపోయింది. గోధుమలో పీచు ఎక్కువ కాబట్టి చక్కెర కాస్త నింపాదిగా పెరుగుతుంది, నిజమే. నింపాదిగా అయినా పెరగడం మాత్రం తప్పదు.

ఇక ఇడ్లీ. ఇడ్లీరవ్వంటే బియ్యపు రవ్వేనని ఆడవాళ్లకు తెలుసు, మిల్లువాడికి తెలుసు. తినేవాడికి మాత్రం అది టిఫిను. పెసరట్టు కొంత మేలు, పెసలు పప్పుధాన్యం కదా. ఆ మేలు భరించలేకే కాబోలు, దాని కడుపులో ఉప్మా కూరి ఎమ్మెల్యే పెసరట్టని పేరు పెట్టుకున్నాం.

ఇంతవరకూ నవ్వుకుని ఊరుకోవచ్చు. సూది దగ్గరికొచ్చేసరికి నవ్వు రాదు. "ఇవాళ భోజనం లేదు, టిఫినే కదా, ఇంజెక్షన్ ఎందుకు?" అని సిరంజిని ఫ్రిజ్ పక్కన పెట్టేసే ఇళ్లు కొల్లలు. మన దగ్గర చాలామంది వాడేది 30/70 మిశ్రమం. అందులో 30 వంతులు తినబోయే తిండి కోసం. అందుకే అరగంట ముందు తీసుకోమంటారు. మిగతా 70 వంతులు మెల్లగా పనిచేస్తూ తెల్లారేదాకా కాపలా కాస్తాయి. రాత్రి మనం ఏం తిన్నా తినకపోయినా కాలేయం గ్లూకోజును వదులుతూనే ఉంటుంది. దానికి వారాలు తెలియవు. సూది మానేసి ఆరు ఇడ్లీలు తిన్న మనిషికి ఆదివారం పొద్దున్న మీటరులో 260 కనిపిస్తే ఆయన చెప్పే తీర్పు వినండి: "రాత్రి కటిక ఉపవాసం. అయినా ఇంత వచ్చిందంటే ఈ ఇన్సులిన్‌లో పస లేదు." వేసుకోని ఇన్సులిన్ మీద ఇంత నింద!

దీనికి ఎదురు పార్టీ ఒకటుంది. వీళ్లు నియమనిష్ఠలు గలవాళ్లు. ఏడింటికి సూది వేసుకుని వ్రతం పీటల మీద కూర్చుంటారు. కథలు ఐదూ అయ్యేసరికి తొమ్మిదిన్నర. మూడో కథ దగ్గరే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, మాట తడబడుతుంది. పక్కవాళ్లు భక్తి పారవశ్యం అనుకుంటారు. చక్కెర 70 కంటే దిగిపోయిందని తెలిసేలోపు ఎవరో ఒకరు నేతి లడ్డూ నోట్లో కుక్కుతారు. లడ్డూలో నెయ్యి ఉన్న చక్కెరను త్వరగా అందనివ్వదు. మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించడం, పావుగంట ఆగి మళ్లీ మీటరు చూడటం, అప్పటికీ తక్కువుంటే మరోసారి ఇవ్వడం. పద్ధతి ఇది. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. గండం గడిచాక ఇంటిల్లిపాదీ తేల్చేది మాత్రం "ఇన్సులిన్ మహా ప్రమాదం" అని. తిండిని రెండున్నర గంటలు వాయిదా వేసిన పురోహితుణ్ణి ఎవరూ ఏమీ అనరు.

ఉపవాసం ఉండొద్దని ఎవరన్నారు? ఆ రోజుకి ఎన్ని యూనిట్లు తగ్గించాలో, ఏ వేళకు వేసుకోవాలో ముందే డాక్టరుని అడిగితే చెబుతారు. అడగరు. డాక్టరుకు తెలియనిది పక్కింటి బాబాయిగారికి తెలుసు కదా. పెళ్లి బంతిలో బొబ్బట్టు వడ్డిస్తుంటే "వేయించుకోవయ్యా, రాత్రికి రెండు యూనిట్లు ఎక్కువ పొడుచుకుందువుగాని" అని అభయమిచ్చేది ఆయనే. మధ్యాహ్నం బొబ్బట్టుకి రాత్రి సూది!

ఈ లెక్క నిజంగా వచ్చినవాళ్లు వేరే ఉన్నారు. టైప్ 1 పిల్లల తల్లులు. ఇడ్లీ ఎంత తూగుతుందో, దానికి ఎన్ని యూనిట్లో, ఆటల పీరియడ్ ఉన్న రోజు ఎంత తగ్గించాలో వాళ్లు నోటిలెక్కగా చెప్పేస్తారు. డాక్టరు ఇచ్చిన నిష్పత్తి వంటింటి గోడ మీదే ఉంటుంది. బంధువులు ఆ తల్లిని చూసి "పాపం, చాదస్తం" అంటారు.

మన పెద్దాయన మాత్రం పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి అట్టు కూడా ముట్టకుండా ల్యాబ్‌కి వెళ్తాడు. పరగడుపు అంకె ముద్దొచ్చేలా ఉంటుంది. కిందనే హెచ్‌బీఏ1సీ అని ఇంకోటి. అది రెండు మూడు నెలల సగటు చెబుతుంది, అంటే పన్నెండు శనివారాల ఉప్మా అందులో ఉన్నట్టే. అది తొమ్మిది దాటిందని చూడగానే పెద్దాయన ల్యాబ్ మార్చేస్తాడు. కొత్త ల్యాబ్‌లోనూ అదే వస్తే ఇక లాభం లేదని మంగళవారం రాత్రి కూడా అన్నం మానేస్తాడు.