డిక్కీ బేతాళం

బండి బరువు ముందూ వెనకా సరితూగాలని కొన్ని ఖరీదైన కార్లలో బ్యాటరీని డిక్కీలో పెడతారు. డిక్కీ తెరుచుకోవాలంటే కరెంటు కావాలి. అది బ్యాటరీ ఇవ్వాలి. బ్యాటరీ చచ్చిందా... పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు! రిమోట్‌లో దాక్కున్న బుల్లి తాళంచెవితో డ్రైవర్ తలుపు తీసి, వెనక సీటు మడిచి, సొంత కారులోకే ఓనరు దొంగలా పాకాలి. అమెరికాలోనైతే 2001 సెప్టెంబరు నుంచి తయారయ్యే డిక్కీ కార్లకు లోపలివైపు చీకట్లోనూ కనిపించే పిడి తప్పనిసరి. అంటే, డిక్కీలో ఇరుక్కున్నవాడు దర్జాగా బయటికొస్తాడు. వాయిదాలు కట్టేవాడు బయట దిక్కులు చూస్తాడు! బానెట్ ఎత్తి, అక్కడుండే టెర్మినళ్లకు జంపర్ కేబుళ్లు తగిలించొచ్చుగా అంటారా? భేషుగ్గా! అవి ఉన్నదీ డిక్కీలోనే.